మన గాలి తీసేశాక

లివా దాటి నలభై కిలోమీటర్లు.
రోడ్డు ఇసుకకి దారి వదిలేసే చోట మా డోము.
ఇక్కడ దూరదర్శిని ఏమిటని అందరూ నవ్వారు.
నవ్వదగ్గదే.
ఆగస్టులో ఏసీ గది గుమ్మం దాటితే
ముందు కళ్ళజోడు గుడ్డిదవుతుంది,
తర్వాత నేను,
ఆఖరికి అద్దం.

ఇరవై మూడేళ్ళు నా ఉద్యోగం ఒక్కటే:
నూరు దీపాల వరసలో ఒక్కటి
మూడు గంటలు కొండెక్కి
మళ్ళీ తనంతట తానే వెలిగిందా అని లెక్క చూడడం.
వెలిగితే, ఆ నక్షత్రం ముందు నుంచి
ఏదో నడిచి వెళ్ళినట్టు.
ఆ నడిచినదాని ఒంటి చుట్టూ
ఉల్లిపొరంత గాలి.
పొరలోంచి జారి వచ్చిన వెలుగులో
ఏ రంగు తగ్గిందో పట్టుకుని
అక్కడ ఏం పీలుస్తారో చెప్పాలి,
పీల్చేవాళ్ళెవరూ లేకపోయినా.

నర్సింగం మెట్‌పల్లి మనిషి.
డోము మోటారుకి గ్రీజు, అద్దానికి తుడుపు,
రెండు గంటలకి నాకు సులేమానీ.
తేమ మీటరు కంటే ముందే
ముక్కెగరేసి చెప్పేవాడు:
"ఇయాల తెరువకుండ్రి మేడం,
గాలి బరువున్నది."
నేను మీటరునే నమ్మాను.
ముక్కు పేరు పేపర్లో రాయలేం గనక.

పదకొండో ఏట
ఒక గ్రహం మీద నీళ్ళు కనిపెట్టాను.
మూడున్నర రోజులకే సంవత్సరం తిరిగే
కొలిమిలాంటి గ్రహం, దాని అంచున నీటి ఆవిరి.
అబుదాబిలో ప్రకటించాం.
ఖర్జూరాలు పంచారు, ఫొటో పడింది,
ఫొటోలో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి.

ఎనిమిది నెలలకి ఎడిన్‌బరో నుంచి ఉత్తరం, మహా మర్యాదగా:
మీ గీత చాలా అందంగా ఉంది,
ఆ రాత్రి మీ దగ్గర తేమ ఎంత?

చూశాను. యాభై రెండు.
ముందు రాత్రి, యాభై రెండు.
ఆ నెలంతా యాభై రెండే.
మీటరు గొంతులో ఇసుక.

నేను కనిపెట్టింది నీళ్ళనే.
మన నీళ్ళని.
రువైస్ దగ్గర సముద్రం ఆవిరై
దిబ్బల మీదుగా నడిచొచ్చి
నా గ్రహం ముఖాన కూచుంది.
తప్పయిందని నాలుగు వాక్యాలు అచ్చు వేయించాను.
లాగ్‌బుక్కులో ఆ తేదీ పక్కన
ఎప్పుడు రాశాడో, పెన్సిలుతో, నర్సింగం:
"చెప్పిన."

అప్పట్నుంచి పద్ధతి మార్చాను.
ముందు మన గాలిని కొలవాలి,
పక్కనున్న ఏ గ్రహమూ లేని నక్షత్రంతో, రాత్రి పొడుగునా.
దాన్ని తీసేయాలి.
మిగిలితే, మిగిలిందే వాళ్ళది.
తీసేసినదాన్ని ఒక ఫోల్డరులో పడేసి
చెత్త అని పేరు పెట్టాను.

పన్నెండేళ్ళలో ఆరు గ్రహాలు నిలబడ్డాయి.
ఒకదానిలో సోడియం, గట్టిగా.
ఒకదానిలో మబ్బు. మబ్బు వెనక ఏముందో
నాకూ తెలీదు, నా తర్వాతవాళ్ళకి తెలుస్తుందేమో.
మిగతావాటి సంగతి అడక్కండి.

పోయిన వారం మౌజా వచ్చింది.
ఇకమీద ఈ డోము ఆమెది.
తాళాలిచ్చాను, ఆరు గ్రహాలూ ఇవ్వబోయాను.
"అవి ఎక్కడికీ పోవు దుక్తూరా,
నాకు చెత్త కావాలి."

తెరిచాం.
తీసేసిన గీతలన్నీ వరసగా.
షమాల్ ఊడ్చుకుపోయిన మార్చి నెలలు.
ఎవరూ బయటికి రాని ఒక ఏప్రిల్,
గాలి అంత పల్చగా మళ్ళీ కనపడలేదు.
ప్రతి ఆగస్టూ ముందటి ఆగస్టు మీద
చిటికెడు బరువు.
మౌజా వేలు తెర మీద ఒక చోట ఆగింది.
"ఈ రాత్రే మా తమ్ముడు పుట్టాడు," అంది,
"ఆస్పత్రి కిటికీలన్నీ చెమట పట్టాయి."
నాకేం అనాలో తోచలేదు.
ఏ గ్రహం గాలికీ ఇలా సాక్షి దొరకలేదు నాకు.

ఇవాళ నా ఆఖరి రాత్రి.
మీటరు కొత్తది, నలభై చూపిస్తోంది.
తెరవమంటోంది.
వీసా ముగిసి నర్సింగం వెళ్ళి నాలుగేళ్ళు.
బయట నిలబడి ముక్కెగరేశాను:
ఉప్పు, డీజిలు, ఎక్కడో ఏలకులు,
వాటి కింద ఇంకేదో, తడిగుడ్డలాంటిది.

డోము తెరవలేదు.
లాగ్‌బుక్కులో పెన్సిలుతో రాశాను:
బరువున్నది.